వాసన లేని ఇల్లు

పోపు కింద పెట్టుకోమన్నాడు జగన్మోహన్. పైన వంటింట్లో కాదు, కింద బేస్‌మెంటులో. అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి కోటు విప్పి, దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంటూ అన్నాడు ఆ మాట. ఆ రోజు లిఫ్టులో పై అధికారి నవ్వుతూనే, మీ ఇంట్లో రాత్రి భోజనం బాగున్నట్టుందే అన్నాడట. పక్కనున్న ఇద్దరూ కూడా నవ్వారట. ఇంగువా ఎండుమిర్చీ కలిసి తన కోటు గుండీల సందుల్లో కాపురం పెట్టాయట. నళిని చేతిలో గరిటె ఉంది, గరిటెలో నూనె ఉంది, నూనెలో ఆవాలు చిటపటమంటున్నాయి. ఆ పోపు పప్పులో వేసి మూత పెట్టేసింది. ఆ పప్పు బాగాలేదని ఆ పూట ఎవరూ అనలేదు. మళ్ళీ మళ్ళీ వడ్డించుకున్నది కూడా ఆయనే.

ఆయన అనుకున్నాడంటే అది అయి తీరాలి. డెట్రాయిట్‌లో మూతపడిన ఒక హోటలు వాళ్ళు సామాన్లు అమ్ముతుంటే వెళ్ళి, పాత గ్యాస్ స్టవ్ ఒకటీ, పళ్ళెమంత రెక్కలున్న ఎగ్జాస్ట్ ఫ్యాను ఒకటీ కారు డిక్కీలో వేసుకొచ్చాడు. బేస్‌మెంటు కిటికీ ఊడదీసి ఆ ఫ్యాను తనే బిగించాడు. కార్ల కంపెనీలో ఆయనది పొగ గొట్టాల సెక్షను. కారు వదిలే పొగ ఎటు పోవాలి, ఎంత పోవాలి అని చూడటమే ఉద్యోగం. అలాంటివాడికి ఫ్యాను బిగించడం ఒక లెక్కా. పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరిన ఏడాది అది, డెబ్బై తొమ్మిది. గ్యాసు ధర కూడా మండిపోతోంది, ఇళ్ళలో సందులు మూసుకోండి, వెచ్చదనం బయటికి పోనివ్వకండి అని రేడియోలో పొద్దస్తమానం చెబుతున్నారు. అదీ విన్నాడు. కిటికీలన్నిటికీ ప్లాస్టిక్ కాగితాలు అంటించాడు. తలుపుల కింద రబ్బరు పట్టీలు కొట్టాడు. ఇంటిని ఊరగాయ జాడీకి వాసెన కట్టినట్టు కట్టేశాడు.

ఇక అక్కణ్ణుంచి ఎవరు వచ్చినా వాళ్ళకి అదే చూపించడం. హాల్లో సోఫా మీద కూర్చోబెట్టి, కింద నళిని చేపల పులుసు చేస్తోంది, మీకేమైనా వాసన వచ్చిందా చెప్పండి అని అడిగేవాడు. వాళ్ళు ముక్కులెగరేసి చూసి, లేదే అనేవాళ్ళు. "అదీ ఇంజనీరింగ్ అంటే," అనేవాడు జగన్మోహన్. వచ్చిన ఆడవాళ్ళు మాత్రం గిన్నెలు పట్టుకుని మెట్లెక్కి వచ్చే నళిని వైపు చూసేవాళ్ళు. ఆ వాసన ఎక్కడికీ పోలేదు, ఈవిడ జడలో ఉంది అన్నట్టు చూసేవాళ్ళు.

బేస్‌మెంటంటే నేల కింది పెద్ద గది. ఒక మూల ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేసు, దాని పక్కనే నీళ్ళు కాగే ట్యాంకు. రెంటి పొగ గొట్టాలూ కలిసి చిమ్నీలోకి పోతాయి. ఈ మూల నళిని స్టవ్, దాని పైన ఆ ఫ్యాను. రెంటికీ నడుమ తెర కట్టి ఒక మంచం. ఆ మంచం మీద రాత్రిళ్ళు భాస్కర్ పడుకునేవాడు. జగన్మోహన్‌కి చిన్నాన్న కొడుకు, ఉద్యోగం వెతుక్కోవడానికి వచ్చాడు, వచ్చి ఏడాది దాటింది. పగలు దైవాశీర్వాదం పడుకునేవాడు. అతనిది నర్సాపురం. విడిభాగాల ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు. తెలుగు మాట వినపడే ఇల్లు కావాలని చర్చిలో ఎవరినో అడిగితే జగన్మోహన్ పేరు చెప్పారట. ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా ఆ పేరే చెప్పేవారు. ఎయిర్‌పోర్టుకి వెళ్ళి తీసుకొచ్చేదీ ఆయనే, కోటు కొనిపెట్టేదీ ఆయనే, డ్రైవింగ్ నేర్పేదీ ఆయనే. ఈ ట్రాయ్ ఊళ్ళో సగం మంది తెలుగువాళ్ళు మా ఇంటి మెట్లు దిగాకే మనుషులయ్యారు అని సభల్లో చెప్పుకునేవాడు. తెలుగు సంఘానికి ప్రెసిడెంటు కావాలని ఆయన కోరిక. ఆ కోరిక తీరడానికి ఇంట్లో పొద్దున్నే ఇడ్లీ, పదింటికి నైట్ షిఫ్టు దిగివచ్చిన పిల్లవాడికి అన్నం, సాయంత్రం మళ్ళీ అతనికి డబ్బా, రాత్రికి అందరికీ కూర, పప్పు, చారు. దుప్పటి పొద్దున ఒకసారీ సాయంత్రం ఒకసారీ మార్చాలి. అత్తగారు ఒక వేసవిలో వచ్చి ఉండి వెళ్ళింది. నలుగురు మగపిల్లలు తిని లేస్తేనే ఇంటికి కళ, అయినా నీకేమమ్మా, మిషన్లే ఉతుకుతాయి, మిషన్లే తోముతాయి, నువ్వు ఊరికే పక్కన నిలబడటమేగా అంది. ఆ మాట నళినికి గిన్నెలు సర్దినప్పుడల్లా చెవిలో మోగేది. ఆ మిషన్లోంచి గిన్నెలు తీసి సర్దే మిషను ఇంకా ఎవరూ కనిపెట్టలేదత్తయ్యా అని అనాలనుకునేది. అనలేదు. అనకుండా మింగిన మాటలు ఆవిడ కడుపులో ఒక ఊరంత ఉన్నాయి.

తలనొప్పి ఆ చలికాలమే మొదలైంది. కింద వంట చేస్తుంటే ముందు కణతల దగ్గర ఎవరో బొటనవేళ్ళతో నొక్కినట్టుండేది. తర్వాత కడుపులో తిప్పేది. గరిటె ఎక్కడ పెట్టిందో మరిచిపోయేది, ఉప్పు వేసిందో లేదో మరిచిపోయేది. ఒకరోజు చారులో ఉప్పు మళ్ళీ మళ్ళీ వేసింది. వదిన మనసు ఇక్కడ లేదురా అని భాస్కర్ నవ్వాడు. ఉప్పు చారు పోస్తే నవ్వే మగవాళ్ళ మధ్య ఆవిడ కూడా నవ్వింది. వింతేమిటంటే, బట్టల దుకాణానికి వెళ్ళిన రోజుల్లో నొప్పి ఉండేది కాదు. వారంలో కొన్ని పూటలు ఒక షాపులో గుడ్డలు కోసి ఇచ్చే పని చేసేదిలెండి. జగన్మోహన్ దాన్ని కాలక్షేపం అనేవాడు. ఆ కాలక్షేపంలో రోజంతా నిలబడినా తల తేలిగ్గా ఉండేది. ఇంటికొచ్చి మెట్లు దిగి స్టవ్ వెలిగించి ఫ్యాను వేస్తే మళ్ళీ ఆ బొటనవేళ్ళు వచ్చేవి. ఆ సంగతే భర్తతో చెబితే, బయట పని చేస్తే రాని తలనొప్పి ఇంట్లో పని చేస్తేనే వస్తోందా, భలే తెలివైన తలనొప్పే అన్నాడు. డాక్టరుకి చూపిద్దామంటే, ఒక పార్టీలో తెలిసిన డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళి నిలబెట్టాడు. ఆయన చేతిలో నళిని వేసిన గారెలే ఉన్నాయి. గారె నములుతూ, మైగ్రేనమ్మా, ఆడవాళ్ళకి మామూలే, నిద్ర పోండి అన్నాడు. పక్కనే ఉన్న ఇంకెవరో, మావిడకి షాపింగ్‌కి వెళ్తే తగ్గుతుందండీ అన్నాడు. అందరూ నవ్వారు. గారెలు బాగున్నాయని కూడా అన్నారు.

అదుగో ఆ రోజుల్లోనే ఉషకి స్కూల్లో ఒక ప్రాజెక్టు ఇచ్చారు. ఉష వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, ఐదో క్లాసు. ఫ్యాక్టరీల కాలంలో నగరాలు అంత తొందరగా ఎందుకు పెరిగాయి అని రాసి తీసుకురావాలి. పుస్తకంలో ఉన్న నాలుగు కారణాలూ గడగడా అప్పజెప్పింది ఆ పిల్ల. ఊళ్ళో ఫ్యాక్టరీలు పెట్టారు. పొలాల్లో యంత్రాలొచ్చి కూలీలకి పని పోయింది. రైళ్ళు వేశారు. వేరే దేశాల నుంచి జనం ఓడలెక్కి వచ్చారు. అయితే పుస్తకంలో ఉన్నది రాస్తే చాలదట, ఎవరైనా పెద్దవాళ్ళని కూడా అడగాలట. "మన నైబర్ స్టెల్లా ఆంటీ ఓల్డ్ కదా అమ్మా, ఆమెను అడుగుదామా?" అంది.

స్టెల్లా పక్కింటావిడ. పోలెండు వాళ్ళ పిల్ల, మొగుడు పోయాక ఒక్కతే ఉంటోంది. పుట్టి పెరిగింది డెట్రాయిట్‌ని ఆనుకుని ఉన్న హామ్‌ట్రామిక్‌లో. సాయంకాలం ఇంకా వెలుతురుండగానే తల్లీకూతుళ్ళు ఆవిడ వంటింట్లో కూర్చున్నారు. కారణాలన్నీ విని ఆవిడ, అన్నీ నిజమే అంది. తన తండ్రి కూడా పల్లెలో పొలం చాలక వచ్చినవాడే. ఒక్క వీధిలో ఉన్నట్టుండి అన్ని వేలమంది మగవాళ్ళు దిగారు, వాళ్ళెవరికీ పెళ్ళాల్లేరు, వంట రాదు, ఉండటానికి ఇళ్ళు లేవు. అప్పుడు వాళ్ళని ఎవరు పెట్టుకున్నారనుకున్నావు అని ఉషని అడిగింది. ఆవిడే చెప్పింది. "మా అమ్మ. మా వీధిలో ప్రతి ఇంట్లోనూ ఒక అమ్మ. మాకున్నవి రెండు గదులు, పదిమంది మనుషులు. ఒక మంచం మీద ఇద్దరు. ఒకేసారి కాదు. పగలు పనికెళ్ళేవాడు లేవగానే రాత్రి పని చేసినవాడు పడుకునేవాడు. మా ఇంట్లో దుప్పటి చల్లారగా నేను చూడలేదు."

నళిని తన చేతులు చూసుకుంది. పొద్దున ఆ చేతులతోనే దుప్పటి మార్చి వచ్చింది.

స్టెల్లా చెబుతూనే ఉంది. వాళ్ళ బట్టలుతికింది, వాళ్ళ వీపులు రుద్దడానికి నీళ్ళు కాచింది, బంగాళాదుంపలు ఉడికించీ ఉడికించీ చేతులు ఉబ్బిపోయేవి. ఒక చలికాలం, చలి చంపేస్తోందమ్మా అని వాళ్ళు గోల పెడితే, కిటికీ సందుల్లోనూ తలుపు సందుల్లోనూ పాత గుడ్డలు కుక్కింది. బొగ్గు పొయ్యి నిండా వేసి పడుకుంది. తెల్లారాక ఇద్దరు కుర్రాళ్ళు లేవలేదు. బుగ్గలు ఎర్రగా, సుఖంగా నిద్రపోతున్నట్టే ఉన్నారట. దేవుడి చిత్తం అన్నాడు ఫాదరు. ఫ్యాక్టరీ వాళ్ళు మర్నాడే ఆ ఇద్దరి చోట్లో ఇంకో ఇద్దర్ని పెట్టుకున్నారు. ఆ సాయంత్రానికల్లా ఆ ఇద్దరూ వచ్చి అదే మంచం తమకిమ్మని అడిగారు.

"పొగ వాసన రాలేదా?" అంది నళిని.

"రాలేదు. ఆ విషగాలి మనిషిని చంపేముందు చెప్పి రాదమ్మాయ్. మా అమ్మ పోయేదాకా అదే అనేది, ఏ వాసనా రాలేదు, ఏ వాసనా రాలేదు అని." స్టెల్లా లేచి కాఫీ కప్పులు కడుక్కోవడం మొదలుపెట్టింది.

ఇంటికొచ్చాక ఉష అయిదో కారణం తనే రాసింది, వచ్చినవాళ్ళకి ఆడవాళ్ళు వండిపెట్టారు, అందుకే నగరాలు పెరిగాయి అని. జగన్మోహన్ భోజనానికి కూర్చుంటూ అది చదివి, జేబులో పెన్ను తీసి కొట్టేశాడు. "ఇది కారణం కాదమ్మా. ఇది ఇంటి పని," అన్నాడు. అని, నళిని వైపు కంచం జరిపాడు.

ఆ మాటకి కోపం రాలేదు నళినికి. కోపం వచ్చే చోటు దాటిపోయింది మనసు. గిన్నెలు సర్దుతూ ఆలోచించింది. పుస్తకంలో ప్రతి కారణంలోనూ ఒక మగవాడు నడిచి వస్తూనే ఉన్నాడు. పొలం వదిలి వస్తున్నాడు, రైలు దిగి వస్తున్నాడు, ఓడ దిగి వస్తున్నాడు. వచ్చి ఆ రాత్రి ఎక్కడ తిన్నాడు, ఎక్కడ పడుకున్నాడు అన్న చోట పేరా అయిపోతోంది. తనైనా అంతేగా. ఎయిర్‌పోర్టు నుంచి ఎవరినో కారులో ఎక్కించుకు రావడంతో జగన్మోహన్ కథ అయిపోతుంది. తన కథ అక్కడ మొదలవుతుంది. అయినా ఆ రాత్రి ఆవిణ్ణి పీడించింది అది కాదు, ఆ గుడ్డలు. సందుల్లో కుక్కిన గుడ్డలు. కిటికీలకి అంటించిన ప్లాస్టిక్ కాగితం గాలికి లోపలికి కుంగి, మళ్ళీ ఉబ్బి, ఇల్లు ఊపిరి పీలుస్తున్నట్టుంది.

మర్నాడు కింద చెమ్మ వాసన పోవాలని ఎప్పటిలాగే అగరొత్తి వెలిగించింది. ఫ్యాను వేయకముందు పొగ నిలువుగా లేచింది. వేశాక అడ్డంగా వంగి ఫ్యాను వైపు పారింది. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఊరికే, ఎందుకో, అగరొత్తి పట్టుకుని ఆ మూలకి నడిచింది, నీళ్ళు కాగే ట్యాంకు దగ్గరికి. దాని నెత్తి మీద గొట్టానికి కింద చిన్న ఖాళీ ఉంటుంది, పొగ అందులోంచి పైకి పోవాలి. అగరొత్తి పొగ పైకి పోలేదు. ఆ ఖాళీలోంచి వేడి గాలి ఎదురు కొట్టింది, ఎవరో నోరు తెరిచి మొహం మీద ఊదినట్టు. పొగ వెనక్కి తిరిగి, నళిని భుజం మీదుగా, దైవాశీర్వాదం మంచం మీదుగా ఫ్యాను వైపు సాగిపోయింది. ఎప్పుడూ పైకి పోవలసింది కిందికి వస్తోంది. సందులన్నీ మూసేసిన ఇంట్లో ఫ్యానుకి గాలి ఇంకెక్కణ్ణుంచి దొరుకుతుంది, చిమ్నీలోంచే లాక్కుంటోంది. ఆ సాయంత్రం భర్తతో చెప్పింది. స్టెల్లా చెప్పిందీ చెప్పింది. ఆయన పేపరు మడవకుండానే విన్నాడు.

"అది బొగ్గు, ఇది గ్యాసు. వందేళ్ళ కిందటి పోలెండు ముసలమ్మ కథలు తెచ్చి నాకు చెప్పకు. ఇంజనీరువి నువ్వా, నేనా?"

"మీరేనండీ. అందుకే మీతో చెబుతున్నా. ఒక్కసారి కిందికొచ్చి చూడండి."

చూస్తాలే అన్నాడు. చూడలేదు.

ఆ తర్వాత కొద్దిరోజులకే మంచు బాగా పడిన ఒక మధ్యాహ్నం, నళిని కింద పెద్ద గిన్నెలో సాంబారు కాస్తోంది. సంఘం మీటింగు ఉంది ఆ సాయంత్రం, జనం వస్తారు. ఫ్యాను పొద్దుటి నుంచీ తిరుగుతూనే ఉంది, ఫర్నేసు మండుతూనే ఉంది. మామూలుగా తెర వెనక దైవాశీర్వాదం గురక వినిపిస్తుంది. ఆ గురక ఆవిడకి గడియారంలాంటిది. ఆ రోజు వినపడటం లేదు. పిలిచింది. పలకలేదు. తెర తీసి చూస్తే పడుకునే ఉన్నాడు, నల్లటి మొహం అదోలా కందిపోయింది, పక్కన కొంచెం వాంతి. తట్టింది, కుదిపింది. కళ్ళు తెరిచి ఏదో అన్నాడు, నాలుక తిరగలేదు. నళినికి మోకాళ్ళు వదులైపోతున్నాయి, మెట్లు ఎక్కడో దూరంగా కనిపిస్తున్నాయి. అయినా భాస్కర్ని కేకేసింది. అతను పైనుంచి పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరూ కలిసి చంకల్లో చేతులు వేసి మెట్ల మీదుగా ఈడ్చుకెళ్ళి పెరటి తలుపు తోసి మంచులో కూలేశారు. చలిగాలి తగిలి కొంతసేపటికి దైవాశీర్వాదం దగ్గాడు, ఏడ్చాడు, ప్రభువా అన్నాడు. "అక్కా, నాకు కాళ్ళు లేవనిపించింది," అన్నాడు. నళిని అతని తల ఒళ్ళో పెట్టుకుని మంచులోనే కూర్చుంది. లోపల సాంబారు మాడింది. మాడిన వాసన మాత్రం ఇల్లంతా వచ్చింది.

జగన్మోహన్ ఆఫీసు నుంచి వచ్చి అంతా విన్నాడు. ఓవర్‌టైము చేసి చేసి ఒళ్ళు హూనం చేసుకున్నాడు వీడు, అంతే అన్నాడు. ఆసుపత్రి వద్దన్నాడు, ఆసుపత్రికి వెళ్తే ఎక్కడ పడుకున్నావని అడుగుతారు, సిటీ వాళ్ళొస్తారు, పర్మిషన్ లేకుండా బేస్‌మెంటులో స్టవ్వులూ మంచాలూ పెట్టారని ఇల్లు మూయిస్తారు, పేపర్లో పడితే సంఘంలో నా మొహం ఏమవుతుంది అన్నాడు. భాస్కర్‌కి వీసా భయం పెట్టాడు. దైవాశీర్వాదం, పర్లేదన్నా, నాకు తగ్గిపోయింది అన్నాడు, ఇంకా వణుకుతూనే. అంతా అయ్యాక, వంటింట్లో ఎవరూ లేనప్పుడు, భార్యని ఒక్క మాట అడిగాడు.

"అప్పుడు ఫ్యాను వేసి ఉందా?"

ఉంది అంది నళిని. ఆయన గ్లాసు అందుకున్నాడు. మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఆ మీటింగులో వచ్చినవాళ్ళకి ఫ్యాను చూపించలేదు. ఆ తర్వాత ఆయన కింద అడుగు పెట్టడం నళిని చూడలేదు. పనిముట్టు ఏదైనా కావాలంటే భాస్కర్ని పంపేవాడు. కాఫీ పైకి తెప్పించుకునేవాడు. ఇవన్నీ ఆవిడ కళ్ళలో పడుతూనే ఉన్నాయి, కానీ వాటిని ఒక్కచోట చేర్చి చూడటానికి ధైర్యం చాలలేదు. తాళి కట్టినవాడి గురించి మనసు కొన్ని సంగతులు కలిపి చూడనివ్వదు.

వంట పైకి మార్చేస్తానని అడిగింది ఆవిడ. సంఘం ఎన్నికలు అయ్యేదాకా ఆగు, ఇంటికి ఎవరెవరో వస్తుంటారు, ఆ తర్వాత ఏదో ఒకటి చేద్దాం అన్నాడు. ఆవిడ కిందనే వండింది. పెరటి తలుపు సందులో చెప్పు పెట్టి తెరిచి ఉంచి, కాసేపు వండి, కాసేపు పెరట్లో మంచులో నిలబడి, మళ్ళీ వచ్చి వండింది. తనకైతే ఏమవుతుందిలే అనుకుంది. మనకి మనమంటే అంత చులకన.

అప్పుడొచ్చింది అసలు కబురు. సంఘంలో పలుకుబడి ఉన్న ఒకాయన తమ్ముడు రామమోహన్, పెళ్ళాం సుమతితో సహా దిగుతున్నాడు. ఇల్లు దొరికేదాకా మన ఇంట్లోనే అని జగన్మోహన్ మాట ఇచ్చేశాడు. దంపతులాయె, వాళ్ళకి గది కావాలి. ఉష గది వాళ్ళకి. ఉష మంచం కిందికి.

శనివారం ఉదయం ఆ మాట చెప్పి, భాస్కర్ చేత మంచం విప్పించి కిందికి దింపించేశాడు కూడా. ఫర్నేసు పక్కనైతే పిల్లకి వెచ్చగా ఉంటుందని చోటు కూడా పైనుంచే చెప్పాడు. ఉషకి పట్టరాని సంతోషం. "నాకు ఓన్ బేస్‌మెంట్ రూమ్, అమ్మా," అంటూ బొమ్మలు, దిండు, దుప్పటి మోసుకుని మెట్లు దిగుతూ ఎక్కుతూ ఉంది. నళిని స్టవ్ ముందు నిలబడి రేపు వచ్చేవాళ్ళ కోసం పులిహోర పోపు వేస్తోంది. ఫ్యాను తిరుగుతోంది. ఫర్నేసు పక్కన కూతురి మంచం, దాని మీద పువ్వుల దుప్పటి, దుప్పటి మీద ఎలుగుబంటి బొమ్మ. ఆ బొమ్మ బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, ఎవరో రంగు వేసిన బుగ్గలు. నళిని స్టవ్ ఆపింది. ఫ్యాను మాత్రం ఆపలేదు. కూతుర్ని స్టెల్లా ఆంటీ ఇంటికి వెళ్ళి నేను వచ్చేదాకా అక్కడే ఉండమని చెప్పి, కోటు తొడిగి, గుండీలన్నీ పెట్టి పంపింది. అప్పుడు పైకి వచ్చింది.

జగన్మోహన్‌కి శనివారం మధ్యాహ్నం భోజనమయ్యాక కునుకు తీయడం అలవాటు. అప్పటికే లుంగీ కట్టుకుని పడకగది వైపు వెళ్తున్నాడు. భాస్కరూ దైవాశీర్వాదమూ బల్ల దగ్గర ఇంకా తింటున్నారు.

"ఏమండీ," అంది నళిని. "ఈ పూట మీరు కింద పడుకోండి. ఉష మంచం మీద."

"ఎందుకు?"

"రేపట్నుంచి పిల్ల పడుకునే మంచం. ఎలా ఉందో మీరొకసారి పడుకుని చూడండి. ఫ్యాను తిరుగుతోంది, వెచ్చగా ఉంది. గంటలో వచ్చి లేపుతాను."

ఆయన నవ్వబోయాడు. "నాకు పైనే అలవాటు," అన్నాడు.

"ఒక్క గంటే కదా."

ఆయన బేస్‌మెంటు తలుపు వైపు చూశాడు. తలుపు తెరిచే ఉంది, మెట్లు కనిపిస్తున్నాయి, కిందనుంచి ఫ్యాను చప్పుడు వస్తోంది. ఒక్క అడుగూ వెయ్యలేదు. లుంగీ అంచు సర్దుకున్నాడు. బల్ల దగ్గర ఇద్దరి చేతులూ కంచాల్లో ఆగిపోయాయి. నళిని ఆయన మొహంలోకే చూస్తోంది. ఇన్నాళ్ళూ ఆవిడ అనుకున్నది ఈ మనిషికి తెలియదని, చెబితే వినడని, వినకపోవడం మగవాడి మొండితనమని. ఆ మాత్రం అయితే కాపురాల్లో ఎవరికి లేదు, సర్దుకోవచ్చు. కానీ ఈయనకి తెలుసు. ఫ్యాను వేసి ఉందా అని అడిగిన నాటి నుంచీ తెలుసు. తెలిసే పరాయింటి పిల్లవాణ్ణి మళ్ళీ ఆ మంచం మీదే పడుకోబెట్టాడు. తెలిసే తనని వండమన్నాడు. తెలిసే కన్నకూతురి మంచానికి ఫర్నేసు పక్కన చోటు చూపించాడు, మెట్టు దిగకుండా.

"తమ్ముడూ," అంది నళిని, దైవాశీర్వాదంతో. గొంతు ఆవిడకే కొత్తగా ఉంది, చాలా మామూలుగా ఉంది. "నీ పరుపు పైకి తెచ్చెయ్యి నాయనా. భాస్కర్, ఉష సామాను నువ్వు తే. ఊపిరి బిగబట్టి వెళ్ళి గబగబా రండి. ఈ ఇంట్లో ఇక ఎవరూ కింద పడుకోరు."

వాళ్ళు లేచారు. ఈసారి జగన్మోహన్ వైపు చూడకుండా లేచారు.

ఆవిడ వెళ్ళి గోడకున్న ఫోను తీసింది. ఎవరికి అన్నాడు ఆయన. గ్యాసు కంపెనీ వాళ్ళకి అంది. ఆయన గబుక్కున దగ్గరికొచ్చాడు. ఇల్లు మూయిస్తారే, రేపు వచ్చేవాళ్ళకి నేనేం చెప్పను, ఇంతమందికి అన్నం పెట్టిన ఇల్లు, పరువు మొత్తం పోతుంది, ఒక్క వారం ఓపిక పట్టు, నేనే చూస్తా, నేనే ఆ ఫ్యాను తీసేస్తా అన్నాడు. నేనే తీసేస్తా అన్న మాట నోటి నుంచి వచ్చాక ఆయనకే వినపడింది. ఆగిపోయాడు. నళిని ఫోను చెవి దగ్గర నుంచి తీయలేదు. ఆయన చెయ్యి ఆ తీగె దాకా వచ్చి, తాకకుండా అక్కడే గాలిలో నిలబడింది.

అవతల ఎవరో ఆడమనిషి ఎత్తింది. పేరు, ఇంటి నంబరు అడిగింది. నళిని చెప్పింది. ఆవిడ ఉద్యోగపు గొంతుతో, అందరినీ అడిగే మొదటి ప్రశ్నే అడిగింది, ఇంట్లో మీకేమైనా వాసన వస్తోందా అని.

"లేదండీ," అంది నళిని. "ఏ వాసనా రావడం లేదు. అందుకే మీకు ఫోన్ చేస్తున్నాను."